చట్టం ఫ్యాక్టరీ గేటు దాటాలి

పాశమైలారంలోని సిగాచీ పరిశ్రమలో 2025 జూన్‌ 30న పేలుడు సంభవించినప్పుడు, ఆ క్షణాన లోపల ఎవరెవరున్నారో తేల్చడానికే రోజులు పట్టింది. మృతులను గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఎనిమిది మంది ఆనవాళ్లు చివరికీ దొరకలేదు. వారితో కలిపి 54 ప్రాణాలు పోయాయి. మృతుల్లో చాలామంది పొట్ట చేతపట్టుకుని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు. అంతకు పది నెలల ముందు, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఫార్మాలో 17 మంది బలయ్యారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఎల్జీ పాలిమర్స్‌ నుంచి వెలువడిన స్టైరీన్‌ అనే రసాయనం ఆవిరి పక్కనే ఉన్న వెంకటాపురాన్ని కమ్మేసి 12 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ మూడు సందర్భాల్లో అధికారంలో ఉన్నవి మూడు వేర్వేరు పార్టీలు. ప్రకటించిన పరిహారం మాత్రం ఒకటే, మృతుడి కుటుంబానికి కోటి రూపాయలు. పరిహారం ప్రకటించడంలో ఎవరూ ఆలస్యం చేయలేదు. ప్రమాదం జరగకముందు చేయాల్సిన పనుల్లో ఆ తొందర ఏ ప్రభుత్వంలోనూ కనిపించలేదు.

2025 నవంబరు 21 నుంచి దేశమంతటా నాలుగు లేబర్‌ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 29 పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఇప్పుడు వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో ఒక భాగం. ఈ మార్పులో మంచి లేదనలేం. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్షలు చేయించే బాధ్యత యజమానిపై పడింది. నిబంధనల ఉల్లంఘన వల్ల కార్మికుడు చనిపోతే కనీస జరిమానా పాత చట్టంలో కేవలం 25 వేల రూపాయలు, ఇప్పుడది 5 లక్షలు. అందులో సగానికి తగ్గకుండా బాధిత కుటుంబానికి ఇవ్వాలని కోర్టు ఆదేశించవచ్చు. వెయ్యి మంది పనిచేసే చోట తప్పనిసరిగా ఉండాల్సిన భద్రతాధికారి ఇకపై 500 మంది ఉన్నా ఉండాల్సిందే. ప్రమాదకర ప్రక్రియలు సాగే ఫ్యాక్టరీలో 250 మంది ఉంటే చాలు. వీటిని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం.

అయితే ఒక చేత్తో ఇచ్చినదాన్ని ఇంకో చేత్తో వెనక్కి తీసుకున్న చోట్లూ ఉన్నాయి. విద్యుత్తు వాడే చోట పదిమంది పనిచేస్తే దాన్ని ఫ్యాక్టరీగా లెక్కించేవారు. ఆ సంఖ్యను 20కి పెంచారు. విద్యుత్తు లేని చోట 20 నుంచి 40కి చేర్చారు. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించడానికి 20 మంది చాలన్నది పాత లెక్క, ఇప్పుడు 50 మంది ఉండాలి. ఒకే ప్లాంటుకు నలుగురు కాంట్రాక్టర్లు తలా 40 మందిని సరఫరా చేస్తే, లోపల 160 మంది పనిచేస్తున్నా ఆ నలుగురిలో ఎవరికీ లైసెన్సు అక్కర్లేదు. రియాక్టర్‌ పక్కన నిలబడినది పదకొండో మనిషా, ఇరవై ఒకటో మనిషా అన్నది మంటకు పట్టదు. ప్రమాదకర పనులను ప్రత్యేకంగా నోటిఫై చేస్తే కార్మికుల సంఖ్యతో నిమిత్తం లేకుండా కోడ్‌ వర్తింపజేసే వీలుంది. ఆ నోటిఫికేషన్‌ ఇవ్వాల్సింది కేంద్రం. జాబితా విస్తృతంగా ఉండేలా ఒత్తిడి తేవాల్సింది ఫార్మా, రసాయన పరిశ్రమలు దట్టంగా ఉన్న మన రెండు రాష్ట్రాలే.

అన్నిటికంటే మమ్మల్ని కలవరపెడుతున్నది భద్రతా కమిటీల సంగతి. 1984 డిసెంబరులో భోపాల్‌ విషవాయువు వేలమందిని బలిగొన్నాక, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి ప్రమాదకర పరిశ్రమల కోసం ఒక అధ్యాయమే చేర్చారు. ప్రమాదకర ప్రక్రియలు నడిచే ప్రతి ఫ్యాక్టరీలోనూ యాజమాన్య ప్రతినిధులు, కార్మిక ప్రతినిధులు సమాన సంఖ్యలో ఉండే భద్రతా కమిటీ ఏర్పాటు చేయాలన్నది అందులో ముఖ్యమైన నిబంధన. మినహాయింపు కావాలంటే రాష్ట్ర ప్రభుత్వం లిఖితపూర్వకంగా కారణం చెప్పాలి. కొత్త కోడ్‌లో ఈ వరస తిరగబడింది. ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే కమిటీ వేయాలి, ఇవ్వకపోతే లేదు. అంటే భోపాల్‌ మృతుల సాక్షిగా హక్కుగా దక్కినది ఇప్పుడు సర్కారు దయాధర్మం మీద ఆధారపడుతోంది. పాత చట్టం ఉన్నప్పుడూ చాలా కమిటీలు మినిట్స్‌ పుస్తకంలోనే సమావేశమయ్యేవన్న మాట నిజమే. అందుకు చేయాల్సింది వాటికి ప్రాణం పోయడం. పునాదినే ప్రభుత్వ ఇష్టానికి వదిలేయడం కాదు.

కమిటీలో కార్మికుడు ఎందుకు ఉండాలి? ఒక హాట్‌ వర్క్‌ పర్మిట్‌ను, అంటే నిప్పురవ్వలు లేచే పనికి ముందుగా ఇచ్చే అనుమతి పత్రాన్ని పరిశీలిస్తే తెలుస్తుంది. మండే ద్రావణులు (సాల్వెంట్లు) పారే గొట్టానికి వెల్డింగ్‌ చేయాలంటే ముందు ఆ కాగితం నింపాలి. లైను ఖాళీ చేశారా, గొట్టాన్ని మూసే బ్లైండు పలక బిగించారా, గ్యాస్‌ డిటెక్టర్‌లో రీడింగ్‌ ఎంత, మంటలార్పే సిలిండర్‌ పట్టుకుని పక్కన ఎవరు నిలబడ్డారు, ఈ అనుమతి ఎన్ని గంటల వరకు చెల్లుతుంది అన్నవి ఒక్కొక్కటే చూసి, అక్కడే నిలబడి సంతకం చేయాలి. ఉత్పత్తి ఒత్తిడి ఎక్కువైన రోజున ఆ పర్మిట్‌ను షిఫ్ట్‌ ఇన్‌చార్జి గదిలోనే నింపేస్తారు. పొద్దున రీడింగే మధ్యాహ్నం గడిలోకీ ఎక్కుతుంది. షిఫ్ట్‌ మారినా కాగితం మారదు. ఇంగ్లిషులో ఉన్న ఆ పత్రం మీద సంతకం చేసే హెల్పర్‌కు హిందీయో ఒడియానో తప్ప మరో భాష రాదు. తనిఖీకి వచ్చిన అధికారి ఫైలు తెరిస్తే అన్ని గడులూ నిండి ఉంటాయి. ఫైలుకూ ప్లాంటుకూ మధ్య ఉన్న ఈ దూరం తెలిసినవాడు అక్కడ పనిచేసే కార్మికుడొక్కడే. అతడు చెప్పుకోవడానికి ఒక చోటు ఉండాలి. చెప్పినందుకు మర్నాడు గేటు దగ్గర ఆపేయరన్న భరోసా ఉండాలి.

అచ్యుతాపురంలో పైపు నుంచి కారిన ద్రావణి ఆవిరై విద్యుత్‌ ప్యానెల్‌ను తాకి పేలిందని అధికారులు అప్పట్లోనే చెప్పారు. వెంకటాపురం దుర్ఘటనపై ఉన్నతస్థాయి కమిటీ ఇచ్చిన నివేదిక ఇంకా బాధాకరం. స్టైరీన్‌ దానంతట అదే వేడెక్కకుండా కలపాల్సిన రసాయనం చాలినంత వేయలేదు. ప్రమాద ఘడియలో సైరన్‌ మోగలేదు. ఇవేవీ శాస్త్రానికి అంతుచిక్కని విషయాలు కావు. వీటిని నివారించడానికి కొత్త చట్టమూ అక్కర్లేదు, ఉన్న నిబంధనను ఆ షిఫ్ట్‌లో ఆ మనిషి పాటించి ఉంటే సరిపోయేది. సిగాచీలో తయారయ్యే మైక్రోక్రిస్టలిన్‌ సెల్యులోజ్‌ విషం కాదు, మాత్రల్లో మనమంతా మింగే తెల్లటి పొడే. కానీ అలాంటి సన్నని పొడి గాలిలో దట్టంగా లేచినప్పుడు ఒక్క నిప్పురవ్వ తగిలినా బాంబులా పేలుతుంది. పొడి పేరుకోకుండా ఊడ్చి శుభ్రం చేయడం కూడా అలాంటి ఫ్యాక్టరీల్లో ప్రాణరక్షణ చర్యేనని ఎంతమంది యజమానులు గుర్తిస్తున్నారు?

యజమానులందరినీ ఒకే గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. జీడిమెట్లలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో పాతిక మందితో యూనిట్‌ నడుపుతున్న చిన్న యజమానికి చట్టం మారిందని తెలియడమే గగనం. అతడి దృష్టిలో చట్టాన్ని పాటించడమంటే కన్సల్టెంటుకు నెలనెలా ఫీజు కట్టడం, రిటర్నులు దాఖలు చేయించడం. ప్రభుత్వాలు అతడికి చేస్తున్న సాయమూ అంతంతమాత్రమే. పని గంటల విషయమే చూడండి. ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచే బిల్లును ఆంధ్రప్రదేశ్‌ శాసనసభ 2025 సెప్టెంబరులో ఆమోదించింది. సుమారు రెండు నెలలకే ఆ మాతృచట్టం స్థానంలో కోడ్‌ వచ్చింది. రోజుకు 8 గంటలకు మించి పని చేయించరాదని అది అంటోంది. వాణిజ్య సంస్థలకు 10 గంటల వెసులుబాటు ఇస్తూ తెలంగాణ 2025 జులైలో వేరే ఉత్తర్వు ఇచ్చింది. చట్టభయం ఉన్న యజమాని సైతం ఈ అయోమయంలో ఎవరి మాట వినాలి? ఏ నిబంధన మారింది, ఏది ఇంకా పాతదే, తన యూనిట్‌కు ఏది వర్తిస్తుంది అన్నది తేట తెలుగులో రాసి ప్రతి పారిశ్రామికవాడకూ చేర్చడం కార్మిక శాఖకు తలకు మించిన భారమేమీ కాదు.

తనిఖీల తీరు కూడా మారింది. ఇన్‌స్పెక్టర్‌ ఇకపై ‘ఇన్‌స్పెక్టర్‌-కమ్‌-ఫెసిలిటేటర్‌’. ఎవరు ఎక్కడికి వెళ్లాలో కంప్యూటర్‌ యాదృచ్ఛికంగా తేలుస్తుంది. లంచాల బెడద తగ్గించాలన్న ఆలోచన వరకు మంచిదే. యజమానికి సలహా చెప్పడమూ మంచిదే. కానీ రసాయన పరిశ్రమల విషయంలో లాటరీ పద్ధతి ఒప్పుకోదగింది కాదు. పటాన్‌చెరు, బొల్లారం, పరవాడ, పైడిభీమవరం వంటి చోట్ల ప్రమాద తీవ్రతను బట్టి ఏ యూనిట్‌కు ఎన్నాళ్లకోసారి వెళ్లాలో ముందే నిర్ణయించాలి. ఆ పనికి కెమికల్‌ ఇంజినీరింగ్‌ తెలిసినవారిని నియమించాలి. కోడ్‌ అనుమతించిన మూడో పక్షం ఆడిట్లలో ఇంకో చిక్కు ఉంది. ఆడిటర్‌కు రుసుము చెల్లించేది ఆ ఫ్యాక్టరీయే అయితే నివేదికలో నిష్ఠూరాలు ఎందుకుంటాయి? రుసుమును ప్రభుత్వ ఖాతాలో జమ చేయించి, ఆడిటర్‌ను ప్రభుత్వమే కేటాయించాలి. ఆడిట్‌ సారాంశాన్ని కార్మికులకు అర్థమయ్యే భాషల్లో గేటు దగ్గర అతికించాలి.

ప్రమాదాలపై విచారణ నివేదికలూ బీరువాల్లో మగ్గకూడదు. ఎల్జీ పాలిమర్స్‌ నివేదికను నాటి ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం ప్రజల ముందుంచింది. దాన్ని చదివి తమ ట్యాంకులను సరిచూసుకునే అవకాశం ఇతర కంపెనీలకు దక్కింది. ప్రతి దుర్ఘటన విషయంలోనూ అదే జరగాలి.

కోడ్‌ కింద నియమావళి రాసుకునే అధికారం రాష్ట్రాలకు ఉంది. ప్రమాదకర ప్రక్రియలున్న ప్రతి ఫ్యాక్టరీలోనూ, అక్కడ ఎంతమంది పనిచేస్తున్నా, భద్రతా కమిటీ తప్పనిసరి అని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వాలు సాధారణ ఉత్తర్వు జారీ చేయాలి. కాంట్రాక్టు కార్మికులకు, వలస కార్మికులకు అందులో చోటు ఉండాలని ఆ ఉత్తర్వులోనే స్పష్టంగా రాయాలి. దీనికి కొత్త బిల్లు అక్కర్లేదు, ఖజానాపై పడే భారమూ లేదు. సంబంధిత శాఖల మంత్రులు ఆ దస్త్రాన్ని వెంటనే కదిలించాలి.