వాళ్లకేమండీ, పింఛనొస్తుంది!

సైనిక కుటుంబాల ఆర్థిక స్థితిగతులపై లోతైన పరిశోధన చేయదలచిన పండితులు వేతన సంఘాల నివేదికలు తిరగేస్తూ ఢిల్లీలో కళ్లు పాడుచేసుకోనవసరం లేదు. విశాఖలో మధురవాడ వైపు ఏదైనా అపార్టుమెంటులో నివాసుల సంఘం సర్వసభ్య సమావేశం జరుగుతున్నప్పుడు వెళ్లి వెనక వరుసలో కూర్చుంటే చాలు. దేశస్థాయిలో ఏళ్ల తరబడి తేలని చిక్కుముడులన్నీ అక్కడ టీ చల్లారేలోగా తేలిపోతాయి. ఈ సభలు సుదీర్ఘ మేధోమథనం అనంతరం కనిపెట్టిన మూలసూత్రం ఒక్కటే: "వాళ్లకేమండీ, పింఛనొస్తుంది." దీనికి రెండు ఉపసూత్రాలున్నాయి. మొదటిది, "అన్నీ ఫ్రీయేగా." రెండవది, "క్యాంటీనుంది కదా," అంటే సైనికులకు సరుకులు చవకగా అమ్మే దుకాణం. ఈ మూడూ కంఠస్థమైనవారికి సైనికుడి జేబు గురించి తెలుసుకోవలసింది ఇక మిగలదు.

ఇంతటి జ్ఞానం విశాఖపట్నానికి ఊరికే అబ్బలేదు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం మన ఊళ్లోనే ఉంది. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరానికి దగ్గరలోనే మునిగిపోయింది. బీచి రోడ్డులో ఒడ్డున కురుసుర జలాంతర్గామి, రోడ్డుకు అవతల టీయూ-142 విమానం, కాస్త దూరంలో యుద్ధ విజయ స్మారకం ఉండగా, ఆదివారం సాయంత్రం వాటి ముందు వరుసగా ఫొటోలు దిగి, కాల్చిన మొక్కజొన్న పొత్తు తిని ఇంటికి చేరే పౌరుడికి దేశభక్తిలో లోటేముంటుంది? మల్కాపురం, సింధియా, గాజువాకలలో అద్దెకిచ్చే ఇళ్లున్నవారికైతే ఏ నావికుడికి ఎప్పుడు బదిలీ అవుతుందో నౌకాదళం కంటే ముందే తెలుస్తుంది, ఎందుకంటే అతను ఖాళీ చేయగానే అద్దె పెంచాలి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి సైన్యంలో చేరినవారి ఇళ్లు కూడా పిల్లల చదువుల కోసం చివరికి ఈ ఊరికే చేరతాయి. ఇంత దగ్గరగా చూసే మనకు ఆ ఇళ్ల జమ పద్దు అణాపైసలతో సహా కంఠతా వచ్చు. ఖర్చు పద్దు ఒకటి ఉంటుందన్న సంగతే ఇంతవరకు ఎవరూ మన చెవిన వేయలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మా అపార్టుమెంటు గేటు దగ్గర పనిచేసే హవల్దారు గారు సైన్యంలో ఇరవయ్యేళ్లు దాటి సేవ చేసి వచ్చిన శ్రీకాకుళం జిల్లా మనిషి. ఏడాదికి రెండు రోజులు, అంటే జనవరి 26న, ఆగస్టు 15న, ఆయన హవల్దారు గారు. తక్కిన రోజుల్లో "ఏమయ్యా వాచ్‌మన్!" మొన్న ఆగస్టు 15న జెండా వందనం కాగానే అక్కడే సర్వసభ్య సమావేశం పెట్టుకున్నారు, రెండింటికీ కుర్చీల అద్దె ఒకటే కనుక. ఆ కుర్చీలను వ్యాను నుంచి దింపి వరుసగా వేసినది కూడా హవల్దారు గారే. అధ్యక్షులవారు ఆయనను వేదిక మీదికి పిలిచి, సరిహద్దుల్లో మంచుకొండల నడుమ ఇలాంటివారు మేలుకొని ఉండబట్టే మనం ఇక్కడ సుఖంగా నిద్రపోతున్నామని గద్గద స్వరంతో చెప్పి, శాలువా కప్పి, చేతిలో ఒక కొబ్బరికాయ పెట్టారు. చప్పట్లు మారుమోగాయి. హవల్దారు గారు సెల్యూట్ చేసి, శాలువా తీసే వ్యవధి లేక దాంతోనే గేటు దగ్గరికి పరుగెత్తారు, అప్పటికే బయట ఎవరో కారు హారన్ కొడుతున్నారు.

ఆ తరువాత చర్చకు వచ్చిన మొదటి అంశం నిర్వహణ ఖర్చుల తగ్గింపు. కోశాధికారి గారు కళ్లజోడు సవరించుకుని, వాచ్‌మన్ జీతంలో నెలకు రెండు వేలు తగ్గిస్తే లిఫ్టు మరమ్మతుకు కలిసివస్తుందని ప్రతిపాదించారు. అది న్యాయమేనా అని ఎవరో గొణిగారు. "న్యాయమేనండీ, ఆయనకు పింఛనొస్తుంది. మనమిచ్చేది ఆయనకు కాలక్షేపం" అని జవాబు వచ్చింది. ఈ జవాబిచ్చినవారు పదవీ విరమణ చేసిన బ్యాంకు అధికారి. వారికీ నెలనెలా పింఛను వస్తుంది. పైగా రెండు సంస్థలకు సలహాదారుగా ఉంటున్నారు. పింఛనొస్తుంది కాబట్టి మీ సలహా రుసుములో రెండు వేలు తగ్గించుకోండి అని వారిని ఏ సంస్థా అడిగిన దాఖలా లేదు. సభలో మరికొందరు పింఛనుదారులు కూడా ఉన్నారు. చేతులెత్తినవారిలో వారే ముందు.

చర్చ అక్కడితో ఆగితే బాగుండేది. హవల్దారు గారికి క్యాంటీను కార్డు ఉన్న విషయం ఇంతలో మూడో అంతస్తు వారికి గుర్తొచ్చింది. అలాంటప్పుడు సంఘానికి కావలసిన ఫినాయిలు, చీపుళ్లు, బల్బులు బయట కొనడం ప్రజాధనాన్ని వృథా చేయడం కాదా అని వారు ఆవేదన వ్యక్తం చేశారు. ఫినాయిలుతో ఆరంభమైన ఆవేదన క్రమంగా డిసెంబరు 31 రాత్రి విందు దాకా ప్రయాణించింది. ఆ విందుకు అవసరమయ్యే సీసాలు కూడా అక్కడే చవకగా దొరుకుతాయని, హవల్దారు గారు ఎలాగూ తాగరు కాబట్టి ఆయన కోటా వృథాగా పోతోందని, జాతీయ వనరులు వృథా కారాదని ఒక సభ్యుడు భావోద్వేగంతో మాట్లాడారు. ఆ కార్డు ఆయనకూ ఆయన కుటుంబానికీ ఇచ్చినదని, ఊరందరి తరఫున సరుకు తెచ్చిపెట్టడం నిబంధనలకు విరుద్ధమని, పట్టుబడితే కార్డు పోయేది ఆయనదేనని నేను అన్నాను. "మనవాడే కదండీ" అన్నారు. జీతం తగ్గింపు, ఫినాయిలు, సీసాలు, ఈ మూడు తీర్మానాలూ ఏకగ్రీవంగా ఆమోదం పొందాక జాతీయ గీతం పాడారు. పొద్దున పాడాం కదా అని ఎవరో అన్నా, దేశం కోసం మరోసారి పాడడంలో తప్పు లేదని అధ్యక్షులవారు రూలింగ్ ఇచ్చారు.

హవల్దారు గారి ఖర్చు పద్దు గురించి సంఘానికి ఆసక్తి లేదు గనుక నేనే కాస్త విప్పుతాను. ఏడవ వేతన సంఘం లెక్కన కొత్తగా చేరిన సిపాయికి మూల వేతనం 21,700 రూపాయలు. దానికి తోడు మిలిటరీ సర్వీసు పే 5,200, ఆపైన కరువు భత్యం. ఈ జీతం అతని చేతికి అందకముందే దాని మీద ఊళ్లో పంపకాలు జరిగిపోతాయి. చెల్లెలి పెళ్లికి బ్యాంకు అప్పు అతని పేరునే తీస్తారు, ఎందుకంటే సైనికుడి జీతపు ఖాతా మీద అప్పు సులువుగా పుడుతుంది. నాన్నగారి కంటి ఆపరేషను, తమ్ముడి కోచింగు ఫీజు, పాత ఇంటికి శ్లాబు, అన్నీ అందులోనుంచే. పోస్టింగు ఫీల్డులో, అంటే సరిహద్దు లాంటి చోట పడితే కుటుంబాన్ని వెంట తీసుకుపోవడానికి వీలుండదు. అతనికి అక్కడ రేషను ఫ్రీయే, ఆ మాట నిజమే. ఇక్కడ భార్యకు గ్యాసు బండ, గాజువాకలో ఇంటద్దె, బడి ఫీజు ఏవీ ఫ్రీ కావు. కుటుంబం వెంట వెళ్లగలిగిన పోస్టింగులలోనైతే రెండు మూడేళ్లకోసారి ఇల్లు మూటగట్టాలి. కేంద్రీయ విద్యాలయంలో సీటు దొరకని చోట ప్రైవేటు బడికి ప్రవేశ రుసుము మళ్లీ మొదటినుంచి కట్టాలి. బీఈడీ చదివిన భార్య ఒక ఊళ్లో నాలుగేళ్లు పాఠాలు చెప్పి సీనియరు కాగానే బదిలీ వస్తుంది, కొత్త ఊళ్లో మళ్లీ కొత్త టీచరుగా తక్కువ జీతానికి చేరుతుంది. అలా ఇరవయ్యేళ్లలో ఆమె పోగొట్టుకున్న సంపాదన ఎవరి పే స్లిప్పులోనూ కనిపించదు, పోయిందని సానుభూతి తెలిపేవారూ ఉండరు.

తరువాతిది రిటైర్మెంటు. ఈ రాష్ట్రంలో ప్రభుత్వ గుమస్తా 62 ఏళ్లు నిండేదాకా కుర్చీలో ఉంటాడు. సైన్యం ఎప్పుడూ యవ్వనంలోనే ఉండాలి గనుక సిపాయి, హవల్దారు స్థాయి వారిని ముప్పయ్యైదు, నలభై దాటీ దాటకముందే ఇంటికి పంపిస్తారు. అది సైన్యానికి అవసరమే, కాదనను. కాని ఆ వయసుకు మనిషికి ఇంటి అప్పు సగం కూడా తీరి ఉండదు, పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి. పింఛను చివరి జీతంలో సగం. ఆ సగంలోనుంచి సగం దాకా ముందుగానే ఏకమొత్తంగా అమ్ముకునే వీలుంది, పిల్లల చదువు కోసమో ఇంటి గోడల కోసమో చాలామంది అలా అమ్ముకుంటారు. అమ్ముకున్న భాగం తిరిగి చేతికి రావడానికి పదిహేనేళ్లు పడుతుంది. కోశాధికారి గారు "పింఛనొస్తుంది" అన్నప్పుడు లెక్కించినది పూర్తి పింఛను, హవల్దారు గారి ఖాతాలో పడేది కోత పోగా మిగిలినది. మనిషి ఎండలో గేటు దగ్గర నిలబడడం కాలక్షేపం కోసం కాదని తెలుసుకోవడానికి బ్యాంకులో ముప్పయ్యేళ్లు పనిచేసి ఉండనక్కర్లేదు, కూడిక తీసివేతలు వస్తే చాలు.

ఆ మిగిలినదైనా ఏ ఒడుదొడుకులూ లేకుండా వస్తుందనుకుంటే అదీ భ్రమే. పింఛనుదారు తాను బతికే ఉన్నానని ఏటా రుజువు చేసుకోవాలి. పింఛన్లను స్పర్శ్ అనే కొత్త వ్యవస్థలోకి మార్చిన రోజుల్లో, 2022 ఏప్రిల్ నెలకు, ఈ గుర్తింపు వివరాలు నమోదు కాలేదన్న కారణంతో 58 వేలమందికి పైగా సైనిక పింఛనుదారులకు డబ్బు పడలేదు. గగ్గోలు లేచాక ప్రభుత్వం సడలింపు ఇచ్చి చెల్లించింది. కాగితం మీద చనిపోయిన ఆ కొద్దిరోజులూ వాళ్ల ఇళ్లకు పాలు, కూరగాయలు ఎవరు పోశారో నివాసుల సంఘాలు చర్చించలేదు.

మాజీ సైనికులకు ప్రభుత్వం ఇచ్చే భూమి సంగతి క్లుప్తంగా ముగిస్తాను. పదేళ్లు దాటాక నిరభ్యంతర పత్రంతో దానిని అమ్ముకోవచ్చు. భీమిలి, ఆనందపురం వైపు ఎకరం ధర పెరిగిన కొద్దీ ఆ పట్టా కాగితం మీద సైనికుడి కంటే దళారికి ప్రేమ ఎక్కువైంది. విశాఖ భూ అక్రమాలపై 2017లో వేసిన ప్రత్యేక దర్యాప్తు బృందం పరిశీలించిన వాటిలో ఈ నిరభ్యంతర పత్రాల బాగోతం కూడా ఉంది. "వాళ్లకేమండీ, భూములు కూడా ఇస్తారు" అని మన సభలో అన్నవారు ఆ భూములు చివరికి ఎవరి చేతుల్లో తేలాయో మాత్రం చెప్పలేదు.

ఇంతదాకా నవ్వుతూనే రాశాను. ఇక్కడినుంచి నావల్ల కాదు.

2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు, అంటే సైన్యంలో నాలుగేళ్ల కొలువు పథకం. పదిహేడున్నర ఏళ్ల కుర్రవాడు చేరితే మొదటి ఏడాది నెలకు 30,000, అందులో 9,000 నిధికి పోగా చేతికి 21,000. నాలుగో ఏడాదికి జీతం 40,000 అయితే చేతికొచ్చేది 28,000. నాలుగేళ్లు ముగిశాక అతని సొమ్ము 5.02 లక్షలు, ప్రభుత్వం అంతే కలిపి, వడ్డీతో దాదాపు 11.71 లక్షల సేవానిధి. నూటికి ఇరవయ్యైదుగురిని మించకుండా ఉంచుకుని, తక్కినవారిని ఇంటికి పంపుతారు. పింఛను లేదు. గ్రాట్యుటీ లేదు. క్యాంటీను లేదు. మాజీ సైనికుల ఆసుపత్రి లేదు. మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. విధి నిర్వహణలో ప్రాణం పోతే 48 లక్షల బీమా, 44 లక్షల పరిహారం ఇస్తారు, తల్లిదండ్రులకు నెలనెలా కుటుంబ పింఛను మాత్రం ఉండదు. పారామిలిటరీలో కొంత వాటా ఇస్తామన్నారు, సరే. తక్కినవాడు ఆ 11.71 లక్షలనూ అప్పుల జోలికి పోకుండా, చెల్లెలి పెళ్లి మాటే ఎత్తకుండా, మొత్తం బ్యాంకులో ఏడు శాతం వడ్డీకి వేసుకున్నా నెలకు ఏడు వేలు రావు.

ఆ ప్రకటన వచ్చిన వారంలోనే సికింద్రాబాదు స్టేషనులో కాల్పులు జరిగి ఒక కుర్రవాడు చనిపోయాడు. మన విశాఖ స్టేషను కూడా ముందుజాగ్రత్తగా కొన్ని గంటలు మూసేశారు. ఆ రోజు మన సంఘంలో వినిపించిన ఆక్రోశం గుర్తుందా? రైలు దువ్వాడలోనే ఆపేశారని, అక్కడినుంచి ఆటోవాడు ఇష్టమొచ్చినంత అడిగాడని! తెల్లవారుజామున నాలుగింటికి లేచి, చెప్పులు లేకుండా జిల్లా పరిషత్ మైదానంలో 1,600 మీటర్లు పరుగెత్తి పరుగెత్తి కాళ్లు పుళ్లు పడిన పిల్లల బతుకు లెక్క తారుమారైపోయిన రోజున, మనకు కనిపించింది ఆటో బేరం. "పింఛనొస్తుంది" అని వాళ్ల తండ్రులను ముప్పయ్యేళ్లు ఈసడించిన మనం, ఆ పింఛనునే ఎత్తేసినప్పుడు నోరు మెదపలేదు. సిగ్గు లేదా మనకు? శాలువా కప్పడానికి ఏడాదికి రెండు రోజులు కేటాయించగలిగిన వాళ్లం, నలభై ఏళ్ల మనిషి నెలసరి జీతంలో రెండు వేలు కోసెయ్యడానికి పట్టుమని పది నిమిషాలు ఆలోచించలేదు!

ఈ పథకంలో చేరిన అగ్నివీరుల తొలి విడత 2022 చివర్లో, 2023 ఆరంభంలో శిక్షణకు వెళ్లింది. వాళ్లలో ఎక్కువమంది ఇరవైల వయసులోనే బయటికి వచ్చి ఉద్యోగాలు వెతుక్కుంటారు, కొందరు తప్పక మన గేటు దగ్గరికే వస్తారు. అందుచేత సభ ముగిశాక నేను కోశాధికారి గారిని పక్కకు పిలిచి ఒక సందేహం అడిగాను. పింఛనొస్తుందని హవల్దారు గారికి రెండు వేలు తగ్గించారు కదా, రేపు పింఛను లేని కుర్రవాడు ఇదే పనిలో చేరితే మీ సూత్రం ప్రకారం అతనికి రెండు వేలు ఎక్కువ ఇవ్వాలి కదా అన్నాను. ఆయన ఏమాత్రం తడుముకోలేదు.

"వాళ్లకేమండీ, సేవానిధి వస్తుంది" అన్నారు.