గర్భసంచికి కొవ్వు పట్టిందట!

మొన్న హైదరాబాద్‌లో ఒక సీమంతానికి వెళ్ళాను. బంతిలో నా ఎదురుగా వరసకు అత్తయ్య అయ్యే ఒకావిడ కూర్చున్నారు. స్కానింగ్ లేదు, రక్తపరీక్ష లేదు. పక్కనే ఉన్న, ఇంకా పిల్లలు కలగని మా పిన్ని కూతుర్ని ఒక్కసారి కిందికీ పైకీ చూశారు, రోగం తేలిపోయింది. "నీ గర్భసంచికి కొవ్వు పట్టిందమ్మా. ఒళ్ళు తగ్గించు, కడుపు అదే పండుతుంది."

ఆ నోటితోనే వడ్డించే కుర్రాణ్ణి కేకేశారు. "ఒక్క బొబ్బట్టేనా? ఇంకోటి వెయ్యి. నెయ్యి పొయ్యి, పిసినారితనమా?" పిల్ల చెయ్యి అడ్డం పెడితే, శుభకార్యంలో వద్దనకూడదని మందలించారు. రెండో బొబ్బట్టుకు పరగడుపున నిమ్మరసం తాగమని సలహా. మూడోదానికి రోజూ గంట నడక. పులిహోర మారు వడ్డించేసరికి రాత్రి అన్నమే మానెయ్యమన్నారు. రోగమూ మందూ ఒకే విస్తట్లో పెట్టిన వైద్యం ఇంకెక్కడుంది?

చిక్కేమిటంటే, అత్తయ్య చెప్పింది సగం నిజం. ఒంట్లో కొవ్వు పెరిగితే ఇన్సులిన్ సరిగా పనిచెయ్యదు, హార్మోన్లు తారుమారై నెలనెలా అండం విడుదల కాకపోవచ్చు. పీసీఓఎస్ అనే హార్మోన్ల జబ్బు ఉంటే మరీను. పైగా ఆ జబ్బే అంత సులువుగా బరువు తగ్గనివ్వదు. అయితే గర్భసంచికి నెయ్యి డబ్బాలా కొవ్వు పేరుకోవడం మాత్రం అత్తయ్య సొంత పరిశోధన. బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. అంటే 80 కిలోల మనిషికి నాలుగు నుంచి ఎనిమిది కిలోలు. అత్తయ్య మాత్రం పెళ్ళినాటి నడుము కావాలంటారు.

ఇక పిల్ల పక్కనే అల్లుడుగారు. బొజ్జ అడ్డమొచ్చి విస్తరి అందక అవస్థ పడుతున్నారు. ఆయన్ని చూసి అత్తయ్య మురిసిపోయారు. "నిండుగా ఉన్నాడు, దిష్టి తియ్యండి." 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అధిక బరువున్న ఆడవాళ్ళు 30 శాతం, మగవాళ్ళు 32 శాతం. మగవాడి కొవ్వు కూడా టెస్టోస్టిరాన్‌ను తగ్గిస్తుంది, వీర్యకణాలను దెబ్బతీస్తుంది. కానీ దానికి దిష్టి తియ్యాలి కాబోలు.

నాలుగేళ్ళుగా ఆ పిల్ల ఎన్ని సూదులు పొడిపించుకుందో నాకు తెలుసు. గర్భసంచి ట్యూబుల పరీక్షకి రంగు ఎక్కిస్తుంటే నొప్పికి బల్ల అంచు పట్టుకుని ఏడ్చింది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపు కూడా లోపం ఉంటుందని డాక్టరు చెప్పి, ముందు అల్లుడుగారి పరీక్ష చేయించమన్నారు. సూది లేదు, కోత లేదు, చిన్న డబ్బాలో నమూనా ఇస్తే చాలు. నాలుగేళ్ళలో ఆ మహానుభావుడికి తీరిక దొరకలేదు! "మా వంశంలో అలాంటివి లేవు" అన్నాడట. సిగ్గుండాలి. ఆయనకే కాదు, ఆ మాట విని తలలూపిన మనందరికీ.

బయల్దేరేటప్పుడు అత్తయ్య తాంబూలంతో పాటు ఒక పొట్లం కూడా పిల్ల చేతిలో పెట్టారు. సున్నుండలు.

"నువ్వు ముట్టుకోకు. అల్లుడికి పెట్టు, ఈమధ్య చిక్కిపోయాడు."