తూకం వేసేది ఒకచోట, కొవ్వు చేరేది మరోచోట

దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, బరంపురం వైపు పిల్లల బరువు మాటెత్తితే అందరికీ గుర్తొచ్చేది బక్కచిక్కిన పిల్లలే. అందులో తప్పులేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం ఒడిశాలో అయిదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదు. దేశం మొత్తమ్మీద అధిక బరువున్న పసివాళ్లు 2.1 శాతం నుంచి 3.4కు పెరిగారని చెప్పిందీ అదే సర్వే. ఈ రెండో అంకె ఇక్కడ ఎవరి నోటా వినిపించదు.

కారణం ఉంది. అంగన్‌వాడీలో తూకం ఆరేళ్ల వరకే. ఆపైన పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ఏడాదికోసారి వెళ్లేది ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు. ఈ పట్టణాల్లో కాస్త కలిగిన తెలుగు ఇళ్ల పిల్లలు చాలామంది ప్రైవేటు ఇంగ్లీషు మీడియంలో ఉంటారు. ఆటోలో వెళ్లి, ఆటోలో వచ్చి, ట్యూషన్‌లో కూర్చునేదీ వీళ్లే. కొవ్వు చేరేచోట కాటాయే లేదన్నమాట.

ఇంట్లో చూద్దామంటే దిష్టి అడ్డం. మొలతాడు ఏడాదిలో రెండుసార్లు బిగుతై మార్చినా "ఒళ్లు చేస్తున్నాడు" అని నాయనమ్మ మురిసిపోతుంది. మెడ వెనక నల్లగా, మందంగా, ముట్టుకుంటే మఖమల్‌లా తగిలే చారను మట్టి అనుకుని శనగపిండితో రుద్దుతారు. ఎంత రుద్దినా పోదు. ఇన్సులిన్ మాట శరీరం వినడం మానేసిందని, అందుకే ఆ ఇన్సులినే రక్తంలో పెరిగిపోతోందని చెప్పే గుర్తు అది. చంకల్లోనూ చూడాలి.

ఫోన్‌లో బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) లెక్క వేసుకునేవాళ్లు మరో పొరపాటు చేస్తారు. 9 ఏళ్ల అబ్బాయి, 130 సెంటీమీటర్లు, 34 కిలోలు. లెక్క 20.1 వస్తుంది. పెద్దల పట్టికలో అది చక్కటి అంకె. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో మాత్రం ఆ వయసు మగపిల్లలకు 17.9 దాటితే అధిక బరువు, 20.5 దాటితే ఊబకాయం. అంటే వీడు అధిక బరువు దాటి, ఊబకాయం గట్టు మీద ఉన్నాడు. పట్టిక చేతిలో లేకపోతే దారం చాలు. పిల్లవాడి ఎత్తు మేరకు దారం తెంపి, సగానికి మడిచి నడుముకు చుట్టండి. కొసలు కలవకపోతే పొట్ట పెరిగినట్టే. చుట్టాల్సింది మొలతాడు దగ్గర కాదు, ఆఖరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్య. చొక్కా తీయించాలి, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి. పొట్ట లోపలికి పీల్చడం పిల్లలకు బాగా తెలుసు.

అనుమానం వస్తే రక్త పరీక్ష. ఇక్కడే ఈ ప్రాంతపు చిక్కు ఒకటుంది. కోరాపుట్, రాయగడ జిల్లాల్లో సికిల్‌సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంకరయ్యే వంశపారంపర్య జబ్బు) ఎక్కువ. సికిల్‌సెల్ జబ్బు ఉన్నవాళ్లలో ఎర్రకణాలు త్వరగా రాలిపోతాయి కాబట్టి రక్తంలో చక్కెర మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అంకె ఉన్నదానికన్నా తక్కువ వస్తుంది. ఇనుము లోపమున్న పిల్లల్లో ఎక్కువ రావచ్చు. ఆ ఒక్క కాగితాన్ని నమ్మకుండా పరగడుపు గ్లూకోజు, కాలేయ ఎంజైము ఏఎల్‌టీ కూడా చూడమని డాక్టరును అడగాలి. కాలేయంలో కొవ్వు పేరుకునే ఫ్యాటీ లివర్ ఏ నొప్పీ లేకుండా వస్తుంది. చిన్న వయసులో వచ్చే టైప్-2 షుగర్ పెద్దల షుగర్ కన్నా తొందరగా కిడ్నీలను దెబ్బతీస్తుంది.

ఊబకాయంతో కౌమారంలోకి వచ్చినవాళ్లలో 10 మందికి 8 మంది పెద్దయ్యాక కూడా అలాగే ఉంటారు. అయితే చిన్నప్పుడు లావుగా ఉన్నా, పెద్దయ్యేసరికి మామూలు బరువుకు వచ్చినవాళ్లకు షుగర్, బీపీ ముప్పు ఎప్పుడూ లావు కానివాళ్లతో దాదాపు సమానమేనని నాలుగు దీర్ఘకాల అధ్యయనాలను కలిపి 2011లో ప్రచురించిన విశ్లేషణ తేల్చింది. చేయాల్సిందేదో పదేళ్ల ఈవలే చేయాలి.

చేయాల్సింది కడుపు మాడ్చడం కాదు, బరువును ఉన్నచోట నిలపడం. పై అబ్బాయి ఏడాదిపాటు 34 కిలోల దగ్గరే ఆగి, 6 సెంటీమీటర్లు పొడుగైతే లెక్క 18.4కు దిగుతుంది. పదేళ్లకు హద్దు 18.5. కిలో తగ్గకుండానే ఇవతలికి వచ్చేశాడు.

గుప్‌చుప్ (పానీపూరి) బండిని తిట్టడం సులువు. అసలు లెక్క సీసాలో ఉంది. 250 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 26 గ్రాముల చక్కెర, అంటే అయిదు చెంచాలు. ఈ వయసుకు రోజుకు 20 గ్రాములు దాటకపోతే మేలు. పాలలో మాల్ట్ పొడి, దాని మీద మళ్లీ పంచదార వేసే అలవాటు ముందు మానాలి. చోడి (రాగి) అంబలి మంచిదే, మజ్జిగతో ఇస్తే. గుప్పెడు బెల్లం వేశాక అదీ సీసా లాంటిదే.

బడి గేటుకు 50 మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న సరుకు అమ్మకూడదని ఆహార భద్రత ప్రాధికార సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. యాజమాన్యాలు దాన్ని అమలు చేస్తూ, జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి పీటీ మాస్టారి చేత ఎత్తు, బరువు, నడుము కొలిపించి ప్రోగ్రెస్ కార్డులో రాయించాలి. అందరి ముందూ చదవకుండా, కవరులో పెట్టి ఇంటికి పంపాలి. ఒక కాటా, ఒక టేపు ఖర్చు. ఫీజులో కంప్యూటర్ ల్యాబుకు వసూలు చేసేదానితో పోలిస్తే అదెంత?