పెన్నుంది, రాత కుదరదు

నెల్లూరు ట్రంకు రోడ్డులో సెకండ్ హ్యాండ్‌లో పెన్ను ఉన్న టాబ్లెట్ కంప్యూటర్ ఒకటి కొన్నాను. ట్యూషన్ పిల్లలకు లెక్కలు తెర మీదే రాసి చెబుదామని ఆశ. అందులో విండోస్ 10 ఉంది. రాత బ్రహ్మాండం, అరచెయ్యి ఆనించినా పిచ్చి గీత పడేది కాదు. కానీ ఆ విండోస్‌కు 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేశారు. పోనీ 11కి వెళ్దామంటే, ప్రాసెసర్ పాతది, కుదరదు పొమ్మంది. పెన్ను అరగలేదు, తెర పగల్లేదు, నిక్షేపంగా ఉన్న వస్తువుకు ఇదేం ఖర్మ!

"లినక్స్ వేసుకో అన్నా, పైసా ఖర్చు లేదు" అన్నాడు తమ్ముడు. విండోస్ బదులు లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు వేశాను. టాబ్లెట్ నిలువుగా తిప్పితే తెర తిరిగింది, పెన్ను మాత్రం తిరగలేదు. నేనొకచోట గీస్తే గీత ఇంకోచోట పడుతోంది. వర్గమూలం గుర్తు వేయబోతే మూలన ఉన్న ఇంటూ మార్కు నొక్కుకుని పేజీ మూసుకుపోయింది! టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే చోట, ఏదో కమాండ్ కొట్టమన్నాడు తమ్ముడు, కొట్టాను, దారికొచ్చింది. ఆపి ఆన్ చేస్తే మళ్లీ మొదటికే.

ఫోన్లో గూగుల్ వాళ్ల కీబోర్డు జీబోర్డు మీద వేలితో 'అమ్మ' అని గీకినా టక్కున అక్షరాలైపోతుంది. ఇంత పెన్ను పెట్టుకుని దీనికేం రోగమో!

నిన్న మళ్లీ విండోస్ 10 ఎక్కిస్తూ కూర్చున్నా. పిల్లలొచ్చే వేళకి ఇంకా చక్రం తిరుగుతూనే ఉంది. చాక్‌పీసు తీశాను.

"సార్, టాబ్లెట్టేది?" అన్నాడు వెనక కూర్చున్నోడు.