బొమ్మలకు డబ్బులడగడం భావ్యమా?

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే ఫ్రీలాన్సర్లు ఈ మధ్య డబ్బులు అడుగుతున్నారు. సమాజం దీన్ని తీవ్రంగా పరిగణించాలి.

"చిన్న పిల్లల పుస్తకమే కదండీ, ఎంతో పని ఉండదు" అని ప్రచురణకర్త మొదటి ఫోన్‌లోనే తేల్చేస్తారు. పాఠకుడి ఎత్తును బట్టి రేటు ఉండాలన్నది ఆయన సిద్ధాంతం. ఆ లెక్కన పిల్లల డాక్టర్లూ సగం ఫీజే తీసుకోవాలి గానీ, వాళ్లకు సంఘాలున్నాయి, జోలికి పోకూడదు.

అచ్చులో ఒక పెద్ద కాగితాన్ని మడిస్తే వచ్చే కట్టను ఫారం అంటారు. ఫారానికి 16 పేజీల చొప్పున పుస్తకం 32 పేజీలు. కథ 29లో ముగిసింది. "మిగతా మూడింట్లో ఏదో ఒకటి వేసెయ్యండి" అన్నారు. ఈ 'ఏదో ఒకటి'కి వేరే డబ్బులు అడిగేవాళ్లు కూడా ఉన్నారట!

ఇక పరిశీలన సంఘం. ఇందులో ప్రచురణకర్త బావమరిది, రిటైరైన హెడ్మాస్టరు గారు ఉంటారు. పిల్లలు ఉండరు, వాళ్లకు అనుభవం చాలదు. "ఏనుగు నవ్వుతోందేమిటి? ఏనుగులు నవ్వవు" అన్నారు మాస్టారు. అదే ఏనుగు మూడో పేజీ నుంచి అనర్గళంగా తెలుగు మాట్లాడుతోంది, దానికి అభ్యంతరం లేదు. బావమరిది గారు చిలకను వాట్సాప్‌లో చూసి, అచ్చులో ఇంకా పచ్చగా రావాలన్నారు. ఫోన్ తెరది వెలుగు, కాగితం మీద ఉండేది నాలుగు రంగుల సిరా, ఆ మెరుపు రాదు అని చెబితే, "బ్రైట్‌నెస్ పెంచండి" అన్నారు.

అన్నీ ఓకే అయ్యాక రచయిత నీతివాక్యాలు పంపారు. మూడు లైన్లకని వదిలిన ఆకాశంలో పదకొండు లైన్లు దిగాలి. పై లైన్ వత్తులు కింది లైన్ గుడుల మీద కూర్చుంటున్నాయి, 'లక్ష్మి' వచ్చినచోటల్లా ట్రాఫిక్ జామే. "ఇంగ్లీషులో పట్టింది కదండీ!" అని ఆశ్చర్యపోయారు. వత్తులు పెట్టిన పూర్వీకులదే తప్పు. చివరికి ఏనుగును పక్కకు జరిపితే, దాని కన్ను రెండు పేజీల మధ్య కుట్లలోకి పోయింది. మాస్టారికి నవ్వు కనపడలేదు, సంతోషించారు.

చట్టాల సంగతికొస్తే, హక్కుల బదిలీ ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లే అంటుంది 1957 నాటి కాపీరైట్ చట్టం. అందుకే ఒప్పందంలో 'శాశ్వతంగా, విశ్వమంతటా' అని రాస్తారు. చంద్రుడి మీద తెలుగు బడి తెరిస్తే మనవాళ్లు రాయల్టీ అడగకూడదు కదా! ప్రభుత్వం వారి 'ఉద్యం' పోర్టల్లో నమోదైన చిన్న వ్యాపారులకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి చట్టం. ప్రచురణకర్త దాన్నీ గౌరవిస్తారు, పుస్తకాలన్నీ అమ్ముడైన మర్నాటి నుంచి లెక్క మొదలుపెడతారు. పేరు విషయంలోనూ అన్యాయం జరగలేదు. అట్ట మీద రచయిత, లోపల ప్రెస్సు అడ్రసు కింద బొమ్మలవాళ్లు, భూతద్దంతో స్పష్టంగా కనిపిస్తారు.

ఏఐతోనూ ప్రయత్నించారు. కథలో పాప ప్రతి పేజీలో వేరే పాపగా వచ్చింది. "కాస్త ఒక్క పాపలా సర్దండి, పెద్ద పనేం కాదు" అన్నారు.

పెండింగ్ డబ్బుల గురించి అడిగితే, ఈసారి పుస్తకానికి ఇంట్లోనే బొమ్మలు వేయిస్తున్నామని చెప్పారు. వాళ్ల మేనకోడలు వేస్తోందట, రెండో తరగతి. సైకిల్ కొంటేనే బ్రష్షు పడతానందట.

ముందే కొనిచ్చారు.