గట్టిగా ఉండటమే దాని గొప్ప

గట్టిదనం విషయంలో మా ఇంట్లో రెండు చట్టాలు అమల్లో ఉన్నాయి. మైసూర్‌పాక్ గట్టిగా వస్తే తప్పు వండినవాళ్లది. బిస్కోటీ అనే ఇటలీ బిస్కెట్ గట్టిగా వస్తే తప్పు తినేవాళ్లది. రెండో చట్టాన్ని పోయిన ఆదివారం నేనే తెచ్చాను, పొయ్యి వెలిగించకముందే.

ముందుజాగ్రత్తగా ఇంట్లో వాళ్లందరినీ కూర్చోబెట్టి చరిత్ర చెప్పాను. బిస్కోటీ అన్న మాటకు మూలార్థం రెండుసార్లు కాల్చినవి అని. బాదంపప్పులతో చేసే రకానికి పుట్టిల్లు ఇటలీలోని టస్కనీ, ముఖ్యంగా ప్రాతో ఊరు. అక్కడ 1858లో ఆంతోనియో మత్తెయి తెరిచిన దుకాణం ఇప్పటికీ నడుస్తోంది. ఫ్లోరెన్స్‌లో క్రుస్కా అకాడమీ అని ఒక పండిత పరిషత్తు ఉంది. క్రుస్కా అంటే తవుడు. ఆ తవుడు పండితులు 1691 నాటి తమ నిఘంటువులోనే 'కాంతూచ్చో' (ఈ బాదం రకానికి అక్కడి పేరు) అంటే ముక్కలుగా కోసిన బిస్కెట్ అని అర్థం రాసి పెట్టారు. మన రస్కు కూడా రెండుసార్లు కాల్చేదేనన్న సంగతి మాత్రం నేను ఎత్తలేదు. అన్నీ చెప్పాలని ఎక్కడుంది?

"బిస్కోటీలు ఎప్పటికవుతాయండీ?" అంది మా ఆవిడ. బిస్కోటీ అంటేనే బహువచనం, ఒక్కటైతే బిస్కోటో, బిస్కోటీలు అంటే చెట్లులు అన్నట్టు ఉంటుందని సరిదిద్దాను. ఆమె నా వైపు చూసిన చూపుకు ఏ నిఘంటువులోనూ అర్థం దొరకదు.

పావు కిలో మైదా, 150 గ్రాముల చక్కెర, రెండు గుడ్లు, వంద గ్రాముల బాదం, చిటికెడు బేకింగ్ పౌడర్. వెన్న లేదు, నూనె లేదు. "నెయ్యి చుక్కయినా లేకుండా పిండివంటేమిట్రా?" అని అమ్మ బెంగపడింది. ముద్దను రొట్టెకర్రంత పొడవున చేసి 180 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు కాల్చాను. అంతవరకు దేవుడు నా పక్షానే ఉన్నాడు. అసలు పరీక్ష కోతలో. వేడి మీద కోస్తే పొడి రాలుతుంది, పూర్తిగా చల్లారితే కత్తి దిగదు. రంపపు పళ్ల కత్తితో ఏటవాలుగా కోస్తుంటే మధ్యలో బాదంపప్పు అడ్డం పడి, ఊడిన పన్నులా బయటికొచ్చేసింది. దాని చోట సరిగ్గా పన్ను పోయిన చిగురులాంటి గుంట. అలాంటివి ఆరు. మిగతావి పళ్లెంలో పరిచి ఇంకో పావుగంట, అటూ ఇటూ తిప్పుతూ కాల్చాను.

మా ఆవిడ ఒకటి అందుకుని బల్ల అంచుకేసి కొట్టింది. బల్ల మోగింది.

"ఇది ఇలాగే ఉండాలా?"

"ఇలాగే ఉండాలి. అక్కడివాళ్లు దీన్ని వీన్ సాంతో అనే తియ్యటి వైన్‌లో ముంచుకుని తింటారు."

ఇక్కడ పాత కేసు ఒకటి చెప్పక తప్పదు. పెళ్లైన కొత్తలో, మొదటి దీపావళికి ఆమె మైసూర్‌పాక్ చేసింది. బంధువులందరి ముందూ నేను "సుత్తి తేనా?" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వారు కదా అని ఆ తర్వాత ప్రతి దీపావళికీ అన్నాను.

"అంటే నా మైసూర్‌పాక్‌లో తప్పేం లేదన్నమాట. దేంట్లోనైనా ముంచుకోవాల్సింది. ఆ రోజే ఈ ముక్క చెప్పి ఉంటే సరిపోయేది కదండీ," అంది చాలా మర్యాదగా.

కొత్త చట్టం వెనకటి తేదీల నుంచి వర్తించదని వాదించాను. తీర్పు రిజర్వులో పెట్టి ఆమె ఫిల్టర్ కాఫీ కలిపి తెచ్చింది. వీన్ సాంతో మా వీధి చివర కొట్లో దొరకదు మరి.

నాన్న ముక్కను కాఫీలో ముంచి పట్టుకున్నారు. పేపర్లో ఒక పేజీ అయింది, తిప్పారు. ముక్క మెత్తబడేలోపు కాఫీ చల్లారిపోయింది. దాన్ని బయటికి తీసి, కట్టుడు పళ్లను నాలుకతో ఒకసారి సర్దుకుని, నెమ్మదిగా సాసర్లో పెట్టారు.

"ఒరేయ్, ఒక్కసారే కాల్చినవి ఏమైనా మిగిలాయా?"