జెఫర్సన్ గారి లోకల్ కోటా

ప్రతిభకు కష్టకాలం వచ్చిందన్న సంగతి నాకు మొదట తెలిసింది వర్జీనియాలోని చాంటిల్లీలో, మా బావగారి వంటింట్లో. ఆయన పప్పులో నెయ్యి వేసుకుంటూ వేసుకుంటూ చెంచా మధ్యలో ఆపి, "చూశావుటోయ్, ఇక్కడ కూడా కోటాలు పెట్టేశారు" అన్నారు. దేశం విడిచి వచ్చినా దెయ్యం సామాను వెంట విమానమెక్కి వచ్చిందన్నంత దిగులుగా అన్నారు.

విషయం ఇది. అక్కడి ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో థామస్ జెఫర్సన్ పేరుతో ఒక ప్రభుత్వ సైన్స్ హైస్కూలు ఉంది. పెట్టింది 1985లో. ఫీజు ఉండదు, సీటు దొరకదు. ఆ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో దాన్ని టీజే అంటారు. తిరుమలను ఒట్టి "కొండ" అంటామే, ఆ గొంతుతో అంటారు.

2020 దాకా అంతా సవ్యంగానే ఉండేది. ప్రవేశపరీక్ష ఉండేది. దరఖాస్తుకు వంద డాలర్ల రుసుము ఉండేది; ప్రతిభ ఊరికే బయటపడితే ఎవరికి లెక్క? ఆ ఏడాది 486 మందిని ఎంపిక చేస్తే నూటికి 73 మంది ఆసియా మూలాలవారు. కౌంటీ బడుల్లో ఆసియా పిల్లలు ఇంచుమించు ఐదో వంతు. నల్లజాతి పిల్లల సంఖ్య పదికి లోపే ఉండడంతో, అంకె చెబితే ఫలానావారని తెలిసిపోతుందని అసలు చెప్పనే లేదు. పేదింటి పిల్లలు నూటికి ఒకరు కూడా లేరు. పది లక్షలు దాటిన జనాభాలో తెలివితేటలు ఏటేటా అవే కొన్ని వీధుల్లో ఇంత క్రమశిక్షణగా పుడుతున్నాయంటే, సైన్సు బడి కదా, ఆ వింత మీద ఒక ప్రాజెక్టయినా చేయించి ఉండవలసింది.

కోచింగ్‌కు లొంగదన్న పరీక్షను కూడా అంతకు ముందే ప్రవేశపెట్టారు. పరీక్ష లొంగిందో లేదో కానీ, 2020లో ఒక కోచింగ్ సంస్థ తన దగ్గర చదివి సీటు తెచ్చుకున్న పిల్లల పేర్లు నూటికి పైగా ప్రకటించుకుంది. ఒట్టి పేర్లు. ఫ్లెక్సీ లేదు, పాస్‌పోర్టు ఫొటోల వరసలు లేవు, టీవీలో "ఒకటి ఒకటి ఒకటి" అన్న కేక లేదు. పరాయి దేశంలో మన సంస్కృతి ఎంత పలచబడిపోయిందో చూసి నాకు గుండె చెరువైంది.

ఇంతలో స్కూలు బోర్డుకు జ్ఞానోదయమైంది. ముందు లక్కీ డ్రా లాంటిది ఆలోచించి, అది మరీ చిట్‌ఫండ్ పాటలా ఉంటుందనుకున్నారో ఏమో, వదిలేశారు. 2020 అక్టోబరులో పరీక్షను ఎత్తేశారు, డిసెంబరుకల్లా సీట్లు 550 చేశారు. ప్రతి మిడిల్ స్కూలులోనూ ఎనిమిదో తరగతి పిల్లల్లో నూటికి ఒకటిన్నర మందికి సరిపడా సీట్లు ఆ స్కూలుకే అట్టిపెట్టారు. మార్కుల సగటు నాలుగింట 3.5కు తగ్గకూడదు, వ్యాసం రాయాలి, ఇంటి పేదరికానికి కొంత విలువ ఇవ్వాలి. మరుసటి ఏడే ఆసియా పిల్లల వాటా నూటికి 54కు దిగింది, పేద పిల్లల వాటా నూటికి పాతికకు ఎక్కింది. పిల్లలకు ఐదో తరగతిలో మంచి లెక్కల మాస్టారిని ఇవ్వాలంటే ఏళ్లూ డబ్బూ కావాలి. దరఖాస్తు ఫారం మార్చడానికి కొన్ని సాయంత్రం సమావేశాలు సరిపోయాయి. బోర్డు తన వీపు తానే తట్టుకుంది.

"స్కూలుకు ఇన్నని సీట్లేమిటి? ప్రతిభకు ఊరేమిటి, పేటేమిటి?" అని బావగారు ఆవేదనపడ్డారు. ఆయన చదివింది నవోదయలో. అక్కడ నూటికి కనీసం 75 సీట్లు గ్రామీణ విద్యార్థులకే. ఆయనకు వచ్చిందీ ఆ వాటాలోనే. ఆ రోజుల్లో టౌనులో ఉండే మేనమామ తన కొడుకును కూడా కాగితం మీద పల్లెటూరి బడిలో చేర్పించబోతే, "మా ఊరి సీటు కొట్టేద్దామనే!" అని మా బావగారి తండ్రి పెద్ద గొడవే చేశారట. నేను ఈ సంగతి గుర్తు చేశాను. "అది వేరోయ్" అన్నారు. ఎలా వేరో చెప్పేలోపు మజ్జిగ వచ్చింది.

కోర్టు సంగతి క్లుప్తంగా. తల్లిదండ్రుల సంఘం ఒకటి దావా వేసింది. 2022లో కింది కోర్టు తప్పంది, 2023లో అప్పీలు కోర్టు ఇద్దరికి ఒకరు తేడాతో ఒప్పంది, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మేం వినమంది. అప్పీలు కోర్టు తీర్పులో ఒక చిన్న లెక్క ఉంది. పాత పద్ధతి ఆఖరి ఏడు సీటు దొరికిన పేద ఆసియా పిల్లలు ఒక్కరు. కొత్త పద్ధతి మొదటి ఏడు 51 మంది. ఈ అంకె బావగారి వాట్సాప్ గ్రూపులో ఎందుకో తిరగలేదు.

తిరిగిన అంకెలు వేరే ఉన్నాయి. నేషనల్ మెరిట్ అనే దేశవ్యాప్త స్కాలర్‌షిప్ పోటీ పరీక్షలో సెమీఫైనలిస్టులు 165 నుంచి, కొత్త పద్ధతిలో వచ్చిన తొలి బ్యాచ్‌కు 81కి పడిపోయారు. పరీక్ష పెట్టి ఏరిన పిల్లలు పరీక్షలు బాగా రాస్తారని దీంతో రుజువైంది. దేశవ్యాప్త ర్యాంకుల్లో 2022లో మొదటిగా ఉన్న బడి 2024కు పద్నాలుగైంది. అయితే ఆ 2024 ర్యాంకుకు లెక్కేసిన ఏపీ పరీక్షలు (మన ఏపీ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అని హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్షలు; మనవాళ్లు ఎక్కువగా రాసే ఏపీ) 2021–22లో పన్నెండో తరగతి చదివినవారివి. వాళ్లంతా పాత పరీక్ష దాటి వచ్చినవాళ్లే. తిట్లు మాత్రం అప్పుడు తొమ్మిదిలో ఉన్నవారికి పడ్డాయి. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ.

ఇక ఆ పేరు పెట్టుకున్న పెద్దమనిషి. 1779లో జెఫర్సన్ వర్జీనియా శాసనసభకు ఒక చదువుల బిల్లు ఇచ్చాడు. పేటకొక బడి, ఆ బడిలో పై చదువు చెప్పించలేని ఇళ్ల కుర్రాళ్లలో అందరికన్నా చురుకైనవాడిని ఒకడిని ఎంచి, సర్కారు ఖర్చుతో పెద్ద బడికి పంపాలి. ఇలా ఏటా ఇరవై మంది మేధావులను చెత్తలోంచి గోకి తీయవచ్చని ఆయన తర్వాత రాసుకున్నాడు. అంటే బడికింత అని వాటా, పేదరికానికి విలువ, అన్నీ 240 ఏళ్ల కిందటే రాసి పెట్టి ఉన్నాయి. సభ అప్పట్లో ఒప్పుకోలేదు. మనుషులంతా సమానమని రాసిన చేత్తోనే జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా బానిసలకు యజమానిగా ఉన్నాడు కాబట్టి, వాళ్ల పిల్లలను ఆ చెత్తలో కూడా లెక్కించలేదు. ఈ సంగతి చెబితే బావగారు, "అయితే జెఫర్సన్ కూడా కోటా మనిషేనన్నమాట" అని నిట్టూర్చారు.

భోజనాలయ్యాక ఆయన కంప్యూటర్ తెరిచి కూర్చున్నారు. తక్కువ మంది పోటీపడే మిడిల్ స్కూలు ఏదో, దాని దగ్గర ఇళ్ల ధరలెంతో ఒక పట్టిక తయారైంది. ఆరో తరగతి చదివే మా మేనల్లుడు పక్కన వ్యాసం సాధన చేస్తున్నాడు. పరీక్ష పోయాక కోచింగ్ అందులోకి మారింది. అంశం, జీవితంలో ఎదుర్కొన్న కష్టం. వాడికి ఒక్కటీ తోచక తండ్రి వైపు చూశాడు. బావగారు పట్టిక పక్కకు నెట్టి, నవోదయ హాస్టలుకు మొదటిరోజు ట్రంకు పెట్టె మోసుకుంటూ బస్టాండు నుంచి ఎలా నడిచారో చెప్పడం మొదలుపెట్టారు. వాడు గబగబా రాసుకున్నాడు.

"నాన్నా, ట్రంకు పెట్టె అంటే ఏమిటి?"

బావగారు రెండు చేతులూ చాచి చూపించారు. ఆ పెట్టె నేనెరుగుదును, ఆయన చూపినదాంట్లో సగం కూడా ఉండదు.